ఇంటి పార్కింగులో విద్యుత్ కారుకు వైర్‌లెస్ ఛార్జింగ్: కరెంటు ఎంత వృథా అవుతుంది?

పర్లాకిమిడి వాసి:
మా కొత్త ఇంటి పార్కింగు నేలకు త్వరలో కాంక్రీటు వేయించబోతున్నాము. తరువాత విద్యుత్ కారు కొనే ఆలోచన ఉన్నందున, నేలపై ప్యాడ్ పెట్టి వైర్ లేకుండా ఛార్జింగ్ చేసే పద్ధతికి ఇప్పుడే ఏర్పాటు చేయించడం మంచిదా అన్నది నా సందేహం. కారును ఎక్కువగా నడిపేది మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు. ఫోనును అలా ఛార్జ్ చేస్తే వేడెక్కుతుంది, ఆలస్యమూ అవుతుంది. కారుకు కూడా అంతేనా? 2018లో తిత్లీ తుపాను వానలను చూసిన ఊరు మాది కనుక, నీళ్లు నిలిస్తే ప్రమాదమేమైనా ఉందేమో కూడా తెలుపగలరు.

బరంపురం మాస్టారు:
ఫోనుతో పోల్చి దిగులు పడనక్కరలేదు. నేలపై ప్యాడ్‌లో ఉండే కాయిల్ (తీగ చుట్ట), కారు అడుగున ఉండే కాయిల్ రెండింటినీ సుమారు 85 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యానికి శ్రుతి చేస్తారు కాబట్టి, మధ్యలో జానెడు ఖాళీ ఉన్నా శక్తి బాగానే దాటుతుంది. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ కార్ల వైర్‌లెస్ ఛార్జింగ్ కోసం 2020లో వెలువరించిన జె2954 ప్రమాణం ప్రకారం కాయిల్స్ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నప్పుడు కనీసం 85 శాతం, కొంత పక్కకు జరిగినప్పుడు కనీసం 80 శాతం సామర్థ్యం ఉండాలి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2024లో ఒక కారుకు 100 కిలోవాట్లను 96 శాతం సామర్థ్యంతో పంపి చూపింది.

వైరుతో చేసినా నష్టం తప్పదు. ఏసీ కరెంటును డీసీగా మార్చే కారులోని ఛార్జర్ దాదాపు పది శాతం తినేస్తుంది. వైర్‌లెస్ పద్ధతిలో ఆ పనిని వేరే భాగాలు చేస్తాయి. బ్యాటరీలోకి 10 యూనిట్లు చేరాలంటే వైరుతో సుమారు 11 యూనిట్లు, 85 శాతం లెక్కన వైర్ లేకుండా సుమారు 11.8, 80 శాతమైతే 12.5 యూనిట్లు అవసరమవుతాయి. నెల బిల్లులో ఈ తేడా కనిపిస్తుంది గానీ, ప్యాడ్ కొనకుండా ఆగిపోవలసినంత పెద్దది మాత్రం కాదు.

రాయగడ నుంచి:
మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. నా అనుమానమంతా సౌకర్యం మీదనే. ఆ ప్రమాణం అనుమతించే తేడా ముందుకు వెనక్కు 75 మిల్లీమీటర్లు, పక్కలకు 100 మిల్లీమీటర్లు మాత్రమే. ప్లగ్గు పెట్టడానికి దిగే శ్రమ తప్పుతుంది నిజమే, కానీ రోజూ బెత్తెడు తేడాలో కారును నిలపడం పెద్దవారికి అంతకన్నా కష్టం కావచ్చు. తెరపై దారి చూపే ఏర్పాటు ఉంటే తప్ప. పైగా మన ఘాట్ రోడ్ల కోసం ఎత్తైన కార్లనే ఎంచుకుంటాము, ఎత్తు పెరిగిన కొద్దీ కాయిల్స్ మధ్య దూరమూ పెరుగుతుంది. అసలు మన దగ్గర ఇళ్లకు కొనే మామూలు విద్యుత్ కార్లలో ఆ కాయిల్ కంపెనీ నుంచి అమర్చి రాదు. కొన్న తరువాత బ్యాటరీ దగ్గర బయటివారి చేత బిగిస్తే వారంటీ చిక్కులు వస్తాయి.

పర్లాకిమిడి వాసి:
ధన్యవాదాలండీ. నీళ్ల సంగతి, నేల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

గుణుపురం ఎలక్ట్రీషియన్:
ప్యాడ్‌పై బయటకు తేలిన లోహపు కొనలు ఉండవు కాబట్టి, తడిసినంత మాత్రాన షాక్ కొట్టకూడదు. ప్యాడ్‌పై నాణెమో మేకో పడి ఉంటే అది బాగా వేడెక్కుతుంది. అందుకే మంచి పరికరాల్లో అటువంటి వస్తువును, కింద దూరిన పిల్లిని కూడా గుర్తించి కరెంటు ఆపే ఏర్పాటు ఉంటుంది. నీట మునిగే చోట ప్యాడ్‌కు కరెంటు అందించే గోడ మీది పెట్టెను మాత్రం వరద మట్టానికి పైనే పెట్టించాలి.

నేల ఇంకా వేయలేదు కనుక, మీటరు వైపు నుంచి కారు నిలిచే చోటు మధ్యకు ఒక పీవీసీ పైపు వేయించి, తరువాత కేబులు లాగడానికి లోపల ఒక లాగుడు తీగ ఉంచి, రెండు కొనలూ మూయించండి. ఖర్చు స్వల్పం, రేపు ఏ పద్ధతికైనా పనికొస్తుంది. ఇప్పటికి విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే స్విచ్చి), సరైన ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌ను నడుము ఎత్తులో పెట్టిస్తే నాన్నగారు వంగనవసరం ఉండదు. ఇంట్లో వాడే కేబులు హైవేలోని ఫాస్ట్ ఛార్జర్ కేబులంత బరువు ఉండదు. కాంక్రీటు పోయకముందే ఎర్తింగ్ గుంత తవ్వించండి.