వల్కన్, టాలోస్: యంత్రాన్ని ప్రశ్నించడానికి గ్రీకు పురాణమే ఎందుకు?

ప్రశ్న:
ఎడిన్‌బరోలోని మోడరన్ టూ గ్యాలరీలో ఎడ్వర్డో పావొలోట్సీ చేసిన ‘వల్కన్’ను ఇటీవల చూశాను. ఏడు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ ఉక్కు విగ్రహం సగం మనిషి, సగం యంత్రం. 1999 నాటి శిల్పికి యంత్రయుగం గురించి చెప్పడానికి కొలిమి దేవుడైన వల్కన్ ఎందుకు కావలసివచ్చాడు? ఇది అలంకారమేనా, విమర్శ కూడా ఉందా?

సమాధానం 1:
విమర్శ ఉందనే నా అభిప్రాయం. వల్కన్ అనేది రోమన్ల పేరు. గ్రీకులకు ఆయన హెఫైస్టస్. గ్రీకు ఇతిహాసం ఇలియడ్ 18వ సర్గలో ఆయన దేవతల సభకు తమంతట తామే వెళ్లి తిరిగివచ్చే చక్రాలున్న ఇరవై ముక్కాలిపీఠాలను తయారుచేస్తూ కనిపిస్తాడు. తెలివీ మాటా ఉన్న బంగారు పరిచారికలు ఆయనకు ఊతమిచ్చి నడిపిస్తారు. అంతటి పనివాడు కుంటివాడు. రోబోను చేసి పెడితే మనం యంత్రాన్నే చూసి ఊరుకుంటాం. పావొలోట్సీ మాత్రం దాన్ని చేసేవాణ్ణి నిలబెట్టి, యంత్రాన్ని అతని ఒంట్లోకే ఎక్కించాడు. అంతకుముందు 1987లో, లండన్ హై హోల్బోర్న్‌లోని ఒక భవనం కోసం, తన సొంత రూపాన్నే హెఫైస్టస్‌గా కంచులో పోతపోసుకున్నాడు కాబట్టి, యంత్రాన్ని చేసేవాడి గురించిన ఆ ప్రశ్న నుంచి తనను తాను మినహాయించుకున్నాడని అనలేం.

సమాధానం 2:
పై వారితో ఏకీభవిస్తూనే, కేంబ్రిడ్జ్ నగరంలో ఒక వీధిలో ఉన్న, శిల్పి మైకేల్ ఏర్టన్ చేసిన ‘టాలోస్’ను కూడా చూడమంటాను. రోజుకు మూడుసార్లు క్రీట్ ద్వీపాన్ని చుట్టివచ్చి, దగ్గరికి వచ్చే ఓడలపై బండరాళ్లు విసిరే కంచు కావలివాడు టాలోస్. అతని ఒంట్లో ఉన్నది ఒకే నరం. దాని చివర చీలమండ దగ్గర మూసి ఉంటుంది, అది తెగితే ప్రాణద్రవం కారిపోయి కూలిపోతాడు. మైనం కరిగించి కంచు పోసే పద్ధతికి, అంటే మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతికే, ఈ కథలో జాడ ఉందని కొందరు పండితుల ఊహ. ఏర్టన్ అతనికి చేతులే పెట్టలేదు. బలం ఉండి వివేచన లేని కాపలాదారును ఇంతకంటే సూటిగా చూపడం కష్టం.

సమాధానం 3:
నాకొక అభ్యంతరం ఉంది. కొలిమి, కంచు, సుత్తి కంటికి కనిపించే పనిముట్లు. నేటి సాంకేతికతలో పెద్ద భాగం కనిపించదు. వల్కన్ ఎత్తు చూసి జనం ఆశ్చర్యపోతారు గాని, సందేహపడతారా? ఆ బంగారు పరిచారికలను ఎవరైనా శిల్పంగా మలిస్తే, ఈ కాలానికి అదే ఎక్కువ పదునైన ప్రశ్న అవుతుందేమో.