పాత కంకర క్వారీని అలాగే వదిలేద్దామా, మట్టి పోసి మొక్కలు నాటుదామా?

వనజ, నాగారం:
మా కాలనీ వెనక నాలుగెకరాల పాత కంకర క్వారీ ఉంది. తవ్వకం ఆగిపోయి పదహారేళ్ళయింది. ఈ వానాకాలంలోపు దాన్ని బాగు చేయాలని మా అసోసియేషన్ అనుకుంటోంది. డోజర్‌తో మొత్తం చదును చేయడం, చెరువు పూడిక మట్టి రెండు వందల ట్రాక్టర్లు తెచ్చి పరచడం, వెయ్యి మొక్కలు నాటడం. ఇదీ ప్లాన్. మీటింగ్‌లో నేను ఒక్కదాన్నే వద్దన్నాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

క్వారీ మొదలుపెట్టినప్పుడు పైమట్టీ మొరమూ తీసి ఉత్తరం మూల కుప్ప పోశారు. ఆ కుప్ప మీద ఎవరూ ఒక్క విత్తనం వేయలేదు. ఇప్పుడు అక్కడ తంగేడు, వెంపలి, రేగు, సీతాఫలం, రెండు వేపచెట్లు, నడుముదాకా గడ్డి. పొద్దున్నే కౌజు పిట్టల అరుపులు వినిపిస్తాయి. అదే క్వారీలో టిప్పర్లు తిరిగిన దారి మీద వయ్యారిభామ తప్ప ఏమీ లేదు. క్రషర్ ఉన్నచోట బూడిదరంగు రాతిపొడి పరుచుకుని ఉంది, దాని మీద అది కూడా మొలవలేదు. రాతిగోడ పగుళ్ళలో మాత్రం రావి మొక్కలు వేలాడుతున్నాయి.

అన్నిటి మీదా పడింది ఒకే వాన, ఒకే ఎండ. తేడా అంతా కింద ఉన్న నేలలోనే కదా? అలాంటప్పుడు తనంతట తానే పచ్చబడ్డ కుప్పను కూడా డోజర్‌తో ఎందుకు తొక్కించాలి?

శేఖర్, ఉప్పల్:
వనజ గారూ, నేను నాటాలనే అంటాను. వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుందన్న మాట అడవి మధ్యలో ఉన్న గనికి సరిపోతుందేమో. హైదరాబాద్‌లో వదిలేసిన జాగాలో రాత్రికి రాత్రి శిథిలాలు తెచ్చి పోస్తారు. మా వైపు ఒక క్వారీ గుంత మా కళ్ళ ముందే అలా నిండిపోయింది. సిమెంటు పెళ్ళలు, పగిలిన టైల్స్, థర్మాకోల్. దాని మీద సర్కారు తుమ్మ తప్ప ఏదీ లేవలేదు. కంచె, లోపల వరసగా మొక్కలు కనిపిస్తే లారీవాడు కాస్త ఆగుతాడు.

ఇంకోటి. మీ నాలుగెకరాల్లో ఆ కుప్ప ఎంత? అరెకరం ఉంటుందా? మిగతా మూడున్నర ఎకరాలూ పదహారేళ్ళుగా బోడిగానే ఉన్నాయని మీరే రాశారు. ఇంకెన్నాళ్ళు ఆగమంటారు?

మట్టి మాస్టారు:
భూసార పరీక్షల ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. శేఖర్ అడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ ఎన్నేళ్ళు ఆగాలన్నది తేల్చాలంటే, అది ఎందుకు బోడిగా ఉండిపోయిందో ముందు చూడాలి. వనజమ్మ ఒక క్వారీ అని రాసింది గానీ, నాకు అందులో నాలుగు నేలలు కనిపిస్తున్నాయి.

టిప్పర్ దారి సంగతి చూడండి. లోడు బండ్లు ఏళ్ళ తరబడి తొక్కిన మొరంలో గాలి ఆడే సందులే ఉండవు. వాన నీరు లోపలికి దిగదు, పైనుంచే పారిపోతుంది. విత్తనం పడుతుంది, మొలుస్తుంది కూడా. వేరు రెండంగుళాలు దిగి ఆగిపోతుంది. మన దగ్గర ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే. తర్వాతి ఎనిమిది నెలలు మొక్క బతకడమన్నది దాని వేరు ఎంత లోతుకు పోయిందన్న దాని మీదే ఆధారపడుతుంది. వయ్యారిభామకు ఆ ఇబ్బంది లేదు. తడి ఉన్న కొన్ని వారాల్లోనే పూసి, గింజ రాల్చి వెళ్ళిపోతుంది. అందుకే అక్కడ అదొక్కటే ఉంది.

రాతిపొడి కథ వేరు. అది మరీ సన్నం. వాన చినుకులు పడగానే పైన పెచ్చు కడుతుంది, ఎండలో సిమెంటులా బిగుస్తుంది. పైగా అందులో ఆకు కుళ్ళిన మట్టి చిటికెడు కూడా లేదు. గ్రానైట్‌లో పొటాష్ దండిగా ఉంటుంది, సున్నం, భాస్వరం కొంత ఉంటాయి. రాయి అరిగేకొద్దీ అవి మొక్కకు అందుతాయి. నత్రజని మాత్రం ఆ రాయి నుంచి రాదు, గాలి నుంచే రావాలి. దాన్ని దింపేది పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా. కాబట్టి వదిలేసిన గని నేల మీద మొదట నెగ్గుకొచ్చే మొక్కల్లో వెంపలి లాంటివి కనిపిస్తే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తంగేడు కూడా ఆ కుటుంబంలోదే, కానీ దాని వేర్లకు బుడిపెలు రావు. తంగేడు పూసింది కదా, నేల కోలుకుంది అనుకోకూడదు. వెంపలి పక్కన గడ్డి ముదురాకుపచ్చగా ఉందో లేదో చూడండి. ఒక వెంపలి మొక్క పీకి, వేరు బుడిపె గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపుగా ఉంటే అది పనిచేస్తున్నట్టు.

ఇక డోజర్. దయచేసి ఆ కుప్ప జోలికి వెళ్ళనివ్వకండి. అమెరికాలో 1977లో బొగ్గు గనుల చట్టం వచ్చాక, తవ్విన కొండలను మళ్ళీ పాత ఆకారానికి తేవాలని డోజర్లతో గట్టిగా అణగ్గొట్టారు. మట్టి జారిపోకుండా నిలిచింది గానీ, అపలాచియన్ కొండల్లో చెట్లు సరిగా ఎదగక చాలాచోట్ల గడ్డి మైదానాలే మిగిలాయి. తర్వాత అక్కడి అటవీ శాస్త్రజ్ఞులు కనీసం నాలుగడుగుల లోతున వదులుగా ఉన్న మట్టి కావాలని, చదును వీలైనంత తక్కువ చేయాలని చెప్పడం మొదలుపెట్టారు. చెక్ దేశంలో బొగ్గు గనుల మట్టిగుట్టలను ఎగుడుదిగుడుగా వదిలేసిన చోట, చదును చేసి నాటిన చోటి కంటే ఎక్కువ రకాల మొక్కలు, పురుగులు చేరాయని అక్కడి పరిశోధకులు రాశారు. గుంతలో నీరు, ఆకూ ఆగుతాయి. మిట్ట మీద వేరు ఊపిరి తీసుకుంటుంది. చదును చేస్తే ఆ రెండూ పోతాయి.

గోలేటి పిల్లగాడు:
మాస్టారూ, మాది బొగ్గు బాయి ఊరు. ఇప్పుడు ఈసీఐఎల్ దగ్గర ఉంటున్నా. ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచే తవ్వే గని, మట్టి గుట్టల పక్కనే పెరిగాను కాబట్టి చూసింది చెబుతా. గుట్ట వాలు మీద పడ్డ వాన మట్టిని కోసుకుపోతుంది, కాలవలు పడతాయి. మొలిచిన మొక్క వేరు పట్టుకునేలోపే కొట్టుకుపోతుంది. షేల్ అనే నల్లటి పొరల రాయి పైకి తేలిన చోట ఎండాకాలం చెప్పు లేకుండా కాలు పెట్టలేం, ఇక లేత మొలక ఏం తట్టుకుంటుంది? గుట్ట అడుగున, కొట్టుకొచ్చిన మట్టి ఆగిన చోట మాత్రం పరికి, మోదుగ, గడ్డి వాటంతట అవే వచ్చాయి.

నాటిన వైపు నీలగిరి, సుబాబుల్ వరసలు. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటాయి. చిన్నప్పుడు మేం ఆడుకున్న ఒక నీలగిరి తోపు కింద ఎండుటాకులు తప్ప ఇంకో జాతి మొలక కనిపించేది కాదు. అందుకే పచ్చగా కనిపించగానే అడవి అయిపోయింది అనుకోలేను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ వరసలు లేకపోతే వాలు ఇంకా జారేది. కాబట్టి నేను పూర్తిగా మీ వైపూ కాదు వనజక్కా, పూర్తిగా శేఖరన్న వైపూ కాదు.

ఇంకో మాట, బొగ్గు గని అనగానే మట్టి అంతా ఆమ్లంగా మారుతుంది అంటారు. బొగ్గులో గంధకం ఎక్కువ ఉన్న మేఘాలయ, అస్సాంలలో ఆ బాధ ఉంది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మా దగ్గర అసలు బాధ మట్టిలో తేమ నిలవకపోవడమే.

తాండూరు కంది:
మా బండల గనుల గురించి ఎవరూ రాయలేదు. మా దగ్గర పైన నల్లరేగడి, దాని కింద నాపరాయి. బండ కోసం ఆ రేగడిని తీసి పారేస్తారు, మీద పగిలిన బండ ముక్కలు గుట్టలుగా పోస్తారు. అంటే కంది పండే మట్టి కిందకి, పనికిరాని రాయి పైకి. ఆ బండల సందుల్లో ఏమీ మొలవదు. రేగడి మిగిలిన చిన్న గుంటల్లో మాత్రం నెలల తరబడి తడి ఉంటుంది, అక్కడే పచ్చదనం.

నేను మా గని అంచున ఎర్రనేల నర్సరీ మొక్కలు తెచ్చి పెట్టి దెబ్బతిన్నాను. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఆకు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. రెండేళ్ళలో సగం పైగా పోయాయి. మీరు పోయబోయే చెరువు పూడిక కూడా జాగ్రత్తగా చూడండి. చదును బండ మీద జిగురు మట్టి ఒక్కటే పరిస్తే వానాకాలం బురద గుంట, ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్ళు.

శేఖర్, ఉప్పల్:
అందరూ మట్టి గురించి చెప్పింది శ్రద్ధగా చదివాను. డోజర్ సంగతిలో నా అభిప్రాయం మార్చుకున్నాను, ఆ కుప్పను ముట్టుకోవద్దు. కానీ వదిలేయడాన్ని నేనింకా ఒప్పుకోను. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో, గనుల లీజులున్నవాళ్ళు తవ్వకం అయిపోయాక ఆ భూమిలో మళ్ళీ గడ్డి పెంచాలని, పశువుల మేతకు, మొక్కలకు, జీవులకు పనికొచ్చేలా చేయాలని చెప్పింది. అంటే పాడుచేసినవాళ్ళే బాగుచేయాలి. ప్రకృతే బాగు చేసుకుంటుందని మనమే చెప్పడం మొదలుపెడితే, రేపు ప్రతి క్వారీ యజమానీ అదే మాట చెప్పి చేతులు దులుపుకుంటాడు. నా అసలు బాధ ఇది.

వనజ, నాగారం:
శేఖర్ గారూ, ఈ మాట నన్ను ఆపింది. నిజంగా నేను అలా ఆలోచించలేదు. వదిలేయడం అన్న మాట వెనక్కి తీసుకుంటాను. మట్టి పని చేసిపెట్టి, మొక్కల సంగతి నేలకు వదిలేయాలి అంటాను. పైమట్టిని దాచి తిరిగి పరచడం యజమాని బాధ్యతే. మా క్వారీలో ఆ మూల కుప్పే లేకపోతే ఇవాళ నేను మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. విత్తనాలూ, వేరుకు తోడుండే శిలీంధ్రాలూ ఆ మట్టిలోనే మిగిలాయి.

మా అదృష్టం ఇంకోటుంది. క్వారీకి ఆనుకుని తవ్వని గుట్ట ఒకటి మిగిలింది. అక్కడి రేగు, వేప పళ్ళు తిన్న పిగిలి పిట్టలు ఇటు వచ్చి వాలుతాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లే ఉంటే ఆ విత్తనం ఎక్కడి నుంచి వచ్చేది?

మల్లన్న:
మాది గొర్లు మేకల ఇల్లు. మేకలు వెంపలిని పెద్దగా ముట్టవు, రేగునైతే చిగురుకు చిగురు తినేస్తాయి. సర్కారు తుమ్మ కాయ తిని, గింజను పెంటికలతో ఊరంతా చల్లుతాయి. మేకలు రాకుండా రెండేళ్ళు ఆపగలిగితే మీరు నాటకుండానే సగం పని అవుతుంది. ఫిబ్రవరిలో గడ్డికి నిప్పు పెట్టనీయకండి.

మట్టి మాస్టారు:
మల్లన్న చెప్పినది ల్యాబ్‌లో కనిపించని విషయం. సర్కారు తుమ్మ గురించి ఒక మాట. అది 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం వైపు వంటచెరకు కోసం తెచ్చి వేసిన చెట్టు. చవుడులోనూ, సిమెంటు పెళ్ళల్లోనూ బతుకుతుంది, నత్రజని కూడా దింపుతుంది. కానీ దాని కింద మన మొక్కలు లేవడం కష్టం. మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి, పైన నరికితే గుబురుగా లేస్తుంది.

వనజమ్మా, మాటలకంటే గడ్డపార మేలు. మంచి వాన పడిన మర్నాడు నాలుగు చోట్లా గుచ్చి చూడు. ఒక సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచు. ఇసుక అడుగున, ఒండ్రు మధ్యలో, బంకమన్ను పైన తేరుకుంటాయి. పూడిక మట్టికీ ఇదే చేయి.

వనజ, నాగారం:
శనివారం రాత్రి వాన పడింది, ఆదివారం వెళ్ళాం. కుప్ప మీద గడ్డపార మూరెడు దిగింది. టిప్పర్ దారిలో రెండంగుళాలు దిగి రాయిని కొట్టినట్టు ఖంగుమంది. అంత వాన పడ్డా రాతిపొడి పెచ్చు కింద పొడిగా ఉంది, నమ్మలేకపోయాను. వెంపలి వేరు చీలిస్తే లోపల లేత ఎరుపు! పక్కనున్న తంగేడు వేరుకు ఒక్క బుడిపె లేదు, మాస్టారు చెప్పినట్టే. పూడిక మట్టి సీసాలో సగం పైగా బంకమన్నే.

సాయంత్రం మీటింగ్‌లో రెండు వందల ట్రాక్టర్లను నలభైకి తగ్గించారు. దాన్ని మొరంతో కలిపి రాతిపొడి మీద మాత్రమే, గుంతలు మిట్టలుగా వేస్తాం. టిప్పర్ దారిని జేసీబీ పళ్ళతో మూడడుగుల లోతు లేపి అలాగే గడ్డలు గడ్డలుగా వదిలేస్తాం. కుప్ప మీది పైమట్టి పది తట్టలు తీసి అక్కడక్కడా చల్లుతాం. వెంపలి గింజ మేమే ఏరుతాం. మొక్కలు నాటాలా అన్నది మాత్రం తేలలేదు. వంద నాటుదామని కొందరు, ఒక్కటీ వద్దని నేను.

శేఖర్, ఉప్పల్:
వంద నాటండి, గేటు వైపు, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనిపించేలా. గానుగ, వేప. లోపలి మూడెకరాలూ మీ మాట ప్రకారమే ఉండనివ్వండి. మృగశిర కార్తె లోపు దారి లేపడం అయిపోవాలి, తర్వాత బండి దిగబడుతుంది. మా దగ్గర తెలిసిన జేసీబీ ఆయన ఉన్నారు, నేను మాట్లాడతాను. ముందు కంచె రాళ్ళు దింపించండి, క్వారీలో నీళ్ళు నిలిచే గుంత వైపు నుంచి మొదలుపెట్టండి. అక్కడ పిల్లలు దిగుతారు.