శఫరీ ఫుర్ఫురాయతే: ఆ చిన్నచేపది గర్వమేనా?

అగాధజలసంచారీ న గర్వం యాతి రోహితః
అంగుష్ఠోదకమాత్రేణ శఫరీ ఫుర్ఫురాయతే

ఈ శ్లోకాన్ని తెలుగులో ఎలా చెప్పాలని అడిగారు కదా. మామూలుగా రాసే తాత్పర్యం ఇది: లోతు నీళ్లలో తిరిగే రోహితానికి గర్వం ఉండదు, బొటనవేలంత నీళ్లలోనే శఫరి గర్వంతో ఎగిరెగిరి పడుతుంది. కింద ‘నిండుకుండ తొణకదు’ అని సామెత కూడా చేరుస్తారు. రోహితం అంటే శీలావతి, శఫరి అంటే బేడిస. అంతవరకు పేచీ లేదు.

నా అభ్యంతరమల్లా రెండో సగంలో చేర్చే ‘గర్వంతో’ మీద. శ్లోకంలో గర్వం పూర్వార్ధంలోనే ఉంది, అదీ లేదని చెప్పడానికి. బేడిసకు కవి ఇచ్చింది ఒక్క క్రియ, ఫుర్ఫురాయతే. అది ధ్వన్యనుకరణం, అంటే చప్పుడును అనుకరించే మాట. కవి ఉద్దేశం నిందే, కాదనను. కానీ సూచనగా ఉన్నదాన్ని పైకి చెప్పేస్తే శ్లోకంలో ప్రాణం పోతుంది.

పైగా ఆ కదలికకు వేరే కారణాలున్నాయి. వాగులో రాళ్ల మీదుగా పారే పలుచటి నీళ్లలో చిన్నచేప ఉన్నచోట ఉండాలన్నా ఎదురీదుతూ తోక ఆడిస్తూనే ఉండాలి. ఆగిందా, కొట్టుకుపోతుంది. అయినా అక్కడే ఎందుకుంటుందంటే, రాళ్లకు తగిలి విరిగే నీటిలో గాలి బాగా కలుస్తుంది. రాళ్ల మీద నాచు, సందుల్లో పురుగుల పిల్లలు దొరుకుతాయి. పెద్ద చేపలు అంత లోతులేని చోటికి రాలేవు, కానీ కొంగ, లకుముకిపిట్ట వస్తాయి. 1938లో జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ యూరప్ వాగుల్లో ఉండే మిన్నో అనే చిన్నచేపల్లో ఒక సంగతి బయటపెట్టారు: ఒక చేప చర్మం చిట్లితే అందులోంచి నీళ్లలో కలిసే పదార్థం వాసనకే గుంపంతా బెదిరిపోతుంది. మనకు గంతులా కనిపించేది బెదురు కూడా కావచ్చు.

ఇంకో మాట. శీలావతి, బేడిస ఒకే కుటుంబం చేపలు. శీలావతి గుడ్లు పెట్టేది కూడా వానాకాలం వరదకు మునిగిన లోతు తక్కువ చోట్లలోనే. దాని పిల్లలు కళ్లు తెరిచేది ఆ నీళ్లలోనే.

వేమన కూడా గంగ ‘కదలని గతితోడ’ పారుతుందనీ మురికివాగు మోతతో పారుతుందనీ వాగును తక్కువ చేశాడు. ఆ మోతే వాగు చేపకు ఊపిరి. కాళిదాసు మాత్రం మేఘసందేశంలో గంభీరా నది తేట నీళ్లలో శఫరాలు తుళ్లడాన్ని ఆ నది చూపులన్నాడు. నాకు ఆ చూపే ఇష్టం.

అందుకే ‘తుళ్లిపడు’ అన్న క్రియ సూచిస్తున్నాను. సంతోషంతో తుళ్లుతాం, ఉలికిపాటుతో తుళ్లిపడతాం, గర్వమొక్కటే దాని అర్థం కాదు. “లోతుల్లో తిరిగే శీలావతికి గర్వం లేదు, బొటనవేలు మునిగే నీళ్లలో బేడిస తుళ్లిపడుతుంది.” ఫుర్ఫుర అన్న చప్పుడు ఇందులో రాలేదు. ఆ చప్పుడుతో సహా పలికే తెలుగు క్రియ ఎవరికైనా తడితే చెప్పండి.