అప్‌డేట్: ఆర్కెస్ట్రా వీడియోల సౌండ్ కుదిరింది

బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని టీవీలో సింఫనీలు (ఆర్కెస్ట్రా వాయించే, భాగాలుగా ఉండే పెద్ద సంగీత రచనలు) చూస్తుంటే వయొలిన్ కమాను కదిలాక కాస్త ఆగి సౌండ్ వస్తోందని ఇంతకు ముందు ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టే ఆలస్యం బ్లూటూత్‌దే. హనుమకొండ చౌరస్తాలో ఆక్స్ వైరు (టీవీ సౌండును నేరుగా స్పీకర్‌కు పంపేది) కొని స్పీకర్‌కు పెట్టాను, సరిపోయింది. సెలోలు, డబుల్ బేస్‌లు (వయొలిన్ లాంటివే, కానీ పెద్దవి, గంభీరంగా పలికేవి) మాత్రం ఇంకా పలుచగానే ఉన్నాయి. వాటికి హెడ్‌ఫోనే దిక్కు.

నిన్న బీథోవెన్ ఐదో సింఫనీ (1808) మొత్తం చూశాను. ట్రాంబోన్ (పొడవాటి ఇత్తడి బూర) వాళ్లు మొదటి మూడు భాగాలూ చేతులు కట్టుకుని కూర్చున్నారు, నాలుగోది మొదలవగానే ఒక్కసారిగా అందుకున్నారు! ఉత్త ఆడియో వింటే ఇది తెలిసేదే కాదు. "అంతసేపు ఊకె కూసున్నందుకు గూడ జీతమిస్తరా?" అని మా బాపు డౌటు.

తర్వాత తొమ్మిదోది చూస్తాం. అందులో కోరస్ (బృందగానం) పాడేవాళ్లదీ అదే కథ, నాలుగో భాగం దాకా ఆగాల్సిందే. బాపుకు ఇంకా చెప్పలేదు.