అప్‌డేట్: పర్లాకిమిడిలో డెంగీ, ప్లేట్‌లెట్లు ఎక్కించాలా?

మొన్న అడిగింది ఇదీ: మా మరిదికి ఎన్‌ఎస్‌ 1 (డెంగీ రక్తపరీక్ష) పాజిటివ్, జ్వరం దిగింది గానీ ప్లేట్‌లెట్లు 48 వేలే, ఎక్కించడానికి బరంపురం తీసుకెళ్లాలా అని. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. ఎక్కించలేదు, అవసరం పడలేదు. మనిషి కులాసా.

ఇదే అయోమయంలో ఉన్నవాళ్ల కోసం: రక్తస్రావం లేకపోతే 10 వేల లోపుకి పడిపోయేదాకా సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకె పక్కనే ఉండే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడండి. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) బయటికి కారితే రక్తం చిక్కబడి అది పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు పడుతూ ఇది పెరుగుతుంటే ప్రమాదం. జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలు గడ్డుకాలం. మనవాళ్లు "తగ్గిపోయిందిగా" అని ఇంటికి తెచ్చేసుకునేదీ సరిగ్గా అప్పుడే! ఆగని వాంతులు, గట్టి కడుపునొప్పి, చిగుళ్లలో రక్తం, మగత, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం: ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికే.

మందు పారాసిటమాలే, పెద్దలకి 500 మి.గ్రా., ఆరు గంటలకోసారి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకి; గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై కీడే. బొప్పాయి ఆకు రసమా? వాంతులవుతున్నవాడికి ఆ చేదు పట్టడం దండగ.

తొట్టి నీళ్లు పారబోస్తే చాలదు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి పీచుతో గోడ రుద్ది కడిగి, ఆరబెట్టి, నింపాక మూత పెట్టాలి.