ముఖం, గొంతు లేకుండా నా కథ వీడియోగా చేయాలి. ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాకు 19 ఏళ్లు, ట్రాన్స్ అబ్బాయిని, అంటే పుట్టినప్పుడు అమ్మాయి అన్నారు, కానీ నేను అబ్బాయిని. ఇద్దరు ఫ్రెండ్స్‌కి తప్ప ఎవరికీ తెలియదు, ఇంట్లో ఇప్పట్లో చెప్పే పరిస్థితి లేదు. బొమ్మలు వేస్తాను, డైరీ రాస్తాను. రెండూ కలిపి మూడు నిమిషాల వీడియో చేసి నాలాంటివాళ్లు చూసేలా పెట్టాలని ఎప్పటి నుంచో ఉంది. ముఖం చూపించలేను. గొంతు వింటే తెలిసినవాళ్లు పట్టేస్తారు. పైగా రికార్డు చేసిన నా గొంతు వినడం నాకే ఇబ్బంది. యాప్‌తో గొంతు మార్చేస్తే సరిపోతుందా? నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది.

జవాబు:
తమ్ముడూ, గొంతు మార్చే యాప్‌ని మాత్రం నమ్ముకోకు. పిచ్ (గొంతు సన్నగా, బొంగురుగా ఉండే స్థాయి) ఎంత పెంచారో అంత తగ్గిస్తే దాదాపు అసలు గొంతు మళ్లీ వచ్చేస్తుంది. అదీకాక ఇంట్లోవాళ్లు మనల్ని గుర్తుపట్టేది గొంతు ఒక్కదానితోనే కాదు. ఎక్కడ ఆగుతాం, ఏ మాట సాగదీస్తాం, మాటిమాటికీ ఏ ఊతపదం వాడతాం, ఇవన్నీ వాళ్లకి కంఠతా వచ్చు.

వినడమే ఇబ్బందిగా ఉన్నప్పుడు గొంతుతో పనేముంది? డైరీలోని వాక్యాలు ఒక్కొక్కటిగా తెర మీద పడనివ్వు. పేజీని ఫోటో తీయకు, టైప్ చెయ్. చేతిరాత కూడా ముఖం లాంటిదే. మన భాషలో 'నేను వచ్చాను' అంటే చెప్పేది అబ్బాయో అమ్మాయో క్రియలో తేలదు కాబట్టి, 'నేను' అంటూ రాస్తే నీ గురించి ఎప్పుడు బయటపెట్టాలో నీ చేతిలోనే ఉంటుంది. వెనకాల పెన్సిల్ గీసే శబ్దం, ఫ్యాన్ చప్పుడు చాలు.

బొమ్మల్ని కదిలించాలంటే ముందు లెక్క వేసుకో. సెకనుకి 12 బొమ్మల చొప్పున మూడు నిమిషాలకి 2160 కావాలి. అంత పెట్టుకుంటే సగంలో వదిలేస్తావు. ముఖ్యమైన ఒక్క పది సెకన్లు కదిలించు, మిగతా చోట్ల ఒక్కో బొమ్మని నాలుగైదు సెకన్లు నిలబెట్టు. నీ పేరుతో ఇదివరకు ఎక్కడైనా పెట్టిన బొమ్మలు మాత్రం ఇందులో వాడకు.

ఇలా చేయడం రాజీ పడటమని అనుకోకు. 1987లో ఫిషర్ ప్రైస్ కంపెనీ పీఎక్స్‌ఎల్ 2000 అని పిల్లల బొమ్మ కెమెరా తెచ్చింది. పాటల క్యాసెట్ మీదే నలుపు తెలుపు వీడియో రికార్డు చేసేది, దృశ్యమంతా మసకగా వచ్చేది. అమెరికాలో సేడీ బెన్నింగ్ 15 ఏళ్లప్పుడు దానితో తన గదిలోనే తీయడం మొదలుపెట్టారు: దగ్గరగా ఒక కన్ను, పెదవులు, కాగితం మీద రాసిన మాటలు, తన ఇష్టాల గురించి తన మాటలు. ఆ వీడియోలు 1993లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం బైయెన్నియల్ (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) దాకా వెళ్లాయి. నీ ఫోన్ ఆ కెమెరా కంటే ఎన్నో రెట్లు నయం.

మరో సభ్యురాలి జవాబు:
వీడియో ఎంత జాగ్రత్తగా చేసినా ఫోన్ సెట్టింగుల్లో దొరికిపోవచ్చు. గ్యాలరీ ఆటో బ్యాకప్ ముందు చూసుకోండి. ఇంట్లో ట్యాబ్‌లోనో కంప్యూటర్‌లోనో అదే అకౌంట్ లాగిన్ అయి ఉంటే, మీరు తీసిన ప్రతి క్లిప్ అక్కడ కూడా కనిపిస్తుంది. కొత్త మెయిల్‌తో కొత్త అకౌంట్ తెరవండి. యాప్ కాంటాక్ట్స్ అడిగితే ఒప్పుకోవద్దు, లేకపోతే 'మీకు తెలిసినవారు కావచ్చు' అంటూ మీ బంధువుల ఫోన్లలో ఆ అకౌంట్ తేలొచ్చు. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు ఆపేయండి. కెమెరాలో లొకేషన్ కూడా ఆపాలి, ఫోటో ఫైల్లోనే అది తీసిన చోటు నమోదై ఉండొచ్చు. ఏదైనా దాచాలంటే బ్లర్ వద్దు, దాన్ని కొంతవరకు వెనక్కి రాబట్టే పద్ధతులున్నాయి. నల్లటి డబ్బా పెట్టేయండి.

ప్రశ్న వేసినవారు:
తమ్ముడూ అన్నందుకు చాలా థాంక్స్ అక్కా. బ్యాకప్ సంగతి నాకసలు తట్టలేదు, ఇప్పుడే ఆపాను. ఇంకొకటి. నా ఫ్రెండ్ చేతులు, తన మాటలు కొన్ని ఇందులో పెట్టాలనుంది. తను సరే అన్నారు. చాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
చాలదు. దేనికి సరే అన్నారో అడుగు. ఇద్దరి మధ్య ఉండే వీడియోకి ఒప్పుకోవడం వేరు, ఎవరైనా దించుకుని దాచుకోగల వీడియోకి ఒప్పుకోవడం వేరు. తన గురించి బయటికి చెప్పే హక్కు తనదే. పూర్తయిన వీడియో చూపించి మళ్లీ అడుగు. వద్దంటే తీసేయడానికి వీలుగా, తను లేని ఇంకో వెర్షన్ కూడా సిద్ధంగా పెట్టుకో.

ఇంకొకరు:
అందరికీ పెట్టడానికి ఇంకా టెన్షన్‌గా ఉంటే ట్వైన్ చూడండి, చదివేవాళ్లే దారి ఎంచుకునే కథలు తయారుచేసే టూల్ అది. ఉచితం, 2009 నుంచి ఉంది, కోడింగ్ రానక్కర్లేదు. ఒక పేజీలో మీ మాటలు, కింద చదివేవాళ్లు ఎంచుకోవడానికి రెండు దారులు. 'నిజం చెప్పనా, నవ్వి ఊరుకోనా' లాంటివి. క్వీర్, ట్రాన్స్ రచయితలు దీనితో ఎన్నో చిన్న ఆటలు చేశారు. తెలుగులో రాసినా చక్కగా కనిపిస్తుంది. చివరికి ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. ఆ ఇద్దరు ఫ్రెండ్స్‌కే పంపొచ్చు.

ప్రశ్న వేసినవారు:
ఇది బాగుంది! ఇన్‌కాగ్నిటోలో (హిస్టరీ దాచని బ్రౌజర్ విండోలో) చేసుకుంటే ఇంట్లో ఎవరికీ కనిపించదు కదా?

అదే సభ్యులు:
వద్దు. ట్వైన్ వెబ్ వెర్షన్ కథల్ని ఆ బ్రౌజర్‌లోనే దాస్తుంది. ఇన్‌కాగ్నిటో మూసిన క్షణం అంతా పోతుంది. సఫారీ అయితే మామూలు విండోలో కూడా, ఆ సైటు ముట్టుకోకుండా ఏడు రోజులు బ్రౌజర్ వాడితే తుడిచేయవచ్చు. మామూలు విండోలో రాసి, లేచే ముందు ప్రతిసారీ ఆర్కైవ్ ఫైలు (మీ కథలన్నీ ఉండే కాపీ) దించుకోండి. దానికి మీ పేరు గానీ కథ పేరు గానీ పెట్టకండి. ఆ ఫైలుని కొత్త మెయిల్ డ్రైవ్‌లో వేశాకే బ్రౌజర్ హిస్టరీ, సైట్ డేటా తుడవండి.