పాత స్ప్లెండర్ హెడ్‌లైట్ చాలడం లేదు, ఏం మార్చాలి?

మిర్చియార్డు_నైట్‌షిఫ్ట్
గుంటూరు యార్డులో పని అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. అక్కడి నుంచి ప్రత్తిపాడు వైపు ఇంటికి. బండి 2014 స్ప్లెండర్, 35/35 వాట్ల (అప్పర్/డిమ్) బల్బు. డిమ్‌లో పెడితే ముందు చక్రం తప్ప ఏమీ కనపడదు. మొన్న రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి చుట్టూ బండరాళ్లు పెట్టారు. పక్కన టార్పాలిన్ అంచు మెరవబట్టి బతికాను. నా ప్రశ్నలు మూడు: ఎల్ఈడీ వేయాలా, 100/90 బల్బు వేయాలా, పోలీసులు ఆపితే ఏమవుతుంది? బడ్జెట్ పదిహేను వందలు.

బుల్లెట్_బాబాయ్
బల్బు జోలికి పోకు. రిలే కిట్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) వేయించు. కంపెనీ వైరింగులో కరెంటు అంతా హ్యాండిల్ స్విచ్ గుండా తిరిగి వస్తుంది. బ్యాటరీ దగ్గర 12.8 వోల్టులు ఉన్నది బల్బు దగ్గర 11కి పడితే వెలుతురు మూడో వంతు పైనే పోయినట్టు. రిలే, ఫ్యూజు వేసి బ్యాటరీ నుంచి నేరుగా లాగితే అదే 60/55 బల్బు తెల్లగా వెలుగుతుంది. నా బుల్లెట్ 350కి వేయించాక మళ్లీ దాని ఊసే లేదు.

ఆటోనగర్_వైరింగ్
బాబాయ్, ఆయనది స్ప్లెండర్ అని రాశాడు, చదివారా? ఆ మోడల్‌లో హెడ్‌లైట్ బ్యాటరీ మీద నడవదు. ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ మీద నడుస్తుంది. బ్యాటరీ చూస్తే 3 ఏహెచ్ (ఆంపియర్ అవర్), చాలా చిన్నది. మీరు చెప్పినట్టు రిలే వేసి దాని మీదకు నెడితే వారం తిరక్కుండా సెల్ఫ్ పోతుంది, హారన్ మూలుగుతుంది. తమ్ముడూ, ఇంజన్ ఆపి తాళం తిప్పి లైటు స్విచ్ వెయ్యి. వెలగకపోతే ఏసీ అన్నమాట.

ఖమ్మం_పల్సర్
ఆ పరీక్ష అందరికీ చెప్పకండి అన్నా. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న రూలుంది. వాటిలో చాలావాటికి ఇంజన్ స్టార్టయితేనే లైటొస్తుంది, డీసీ (బ్యాటరీ కరెంటు) అయినా సరే.

ఆటోనగర్_వైరింగ్
ఆయనది 2014 కాబట్టి చెప్పాను. కొత్త బండ్లకు మీటరు పెట్టి చూడాల్సిందే.

కేటీఎం_కరీంనగర్
ఇంత లెక్చర్ ఎందుకు బ్రో. ఆన్‌లైన్లో ఎల్ఈడీ బల్బు తెప్పించుకో, మీ బల్బు రకం హెచ్ఎస్1, ఆ సాకెట్లోనే కూర్చుంటుంది. మా తమ్ముడి బండికి వేశాం. పట్టపగలులా ఉంది. డబ్బా మీదే 12000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని ఉంది.

లారీ_మేస్త్రి
ఆ పట్టపగలు ఎవరి కళ్లలో పడుతోందో ఒకసారి ఎదురొచ్చి చూడు బాబూ. విజయవాడ హైవే మీద రాత్రంతా నడిపేవాణ్ణి. ఈ తెల్ల బల్బుల బైకు ఒకటి ఎదురొస్తే దాటాక కాసేపు రోడ్డు కనపడదు. సరిగ్గా అప్పుడే లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ ముందుంటుంది.

కేటీఎం_కరీంనగర్
లారీ వాళ్లు లైట్ల గురించి చెప్పడం! మీరు ఎప్పుడైనా డిమ్ చేశారా? మీరు అప్పర్‌లో వస్తారు కాబట్టే మేం ఇవి వేసుకుంటున్నాం.

లారీ_మేస్త్రి
నేను చేస్తాను. చేయనివాళ్లున్నారు, కాదనను. దానికి నువ్వు కూడా నా కళ్లు పోగొడతావా?

ల్యాంప్_ల్యాబ్_పుణె
పదకొండేళ్లుగా ఇదే నా వృత్తి, హెడ్‌ల్యాంపుల టెస్టింగ్. 12000 ల్యూమెన్లు అన్నది అబద్ధం. 35 వాట్ల హెచ్ఎస్1 ప్రమాణం ప్రకారం అప్పర్‌లో 825, డిమ్‌లో 525 ల్యూమెన్లు. బుల్లెట్‌లాంటి బండ్లకు వచ్చే 60/55 హెచ్4 బల్బు కూడా 1650, 1000. అసలు విషయం ల్యూమెన్లు కాదు. హాలోజన్ బల్బు లోపల డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి కాంతి పోకుండా అడ్డుకునేది అదే. అందుకే డిమ్ వెలుగు పైకి లేవదు. మీ చౌక ఎల్ఈడీలో చిప్పులు ఫిలమెంట్ ఉన్న చోట ఉండవు, పట్టీ మందం వేరు. దాంతో కాంతి చెల్లాచెదురై చెట్లకొమ్మల మీద పడుతుంది.

కేటీఎం_కరీంనగర్
అయితే కంపెనీలే ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఎందుకిస్తున్నాయి సార్?

ల్యాంప్_ల్యాబ్_పుణె
వాటి రిఫ్లెక్టర్, లెన్సు ఎల్ఈడీ కోసమే గీసినవి. హాలోజన్ ఇంట్లో ఎల్ఈడీని అద్దెకు దించినవి కావు.

బుల్లెట్_బాబాయ్
పుణె సారు పుస్తకం చదువుతున్నారు. మా ఊళ్లో పొగమంచు పడితే తెల్లలైటు ముందు గోడ కట్టినట్టే. పసుపే రాజు. పాతవాళ్లు పసుపు కాగితం ఊరికే అంటించారా?

ల్యాంప్_ల్యాబ్_పుణె
పసుపు కాగితం అంటిస్తే వెలుతురే తగ్గుతుంది సార్. మంచులో కళ్లకు హాయిగా ఉంటుందేమో గానీ, మంచును చీల్చుకుపోదు. లైటు తక్కువ ఎత్తులో ఉంటే లాభం. నీలం కలిసిన 6000కె (కెల్విన్, కాంతి రంగు కొలత) తెల్లలైటు అయితే తడి తారు రోడ్డు మీద గీతలే కనపడవు, అది ఒప్పుకుంటాను.

బుల్లెట్_బాబాయ్
లంబసింగి ఒకసారి డిసెంబరులో రండి, అక్కడ మాట్లాడుకుందాం.

మిర్చియార్డు_నైట్‌షిఫ్ట్
అన్నలూ, నా 100/90 సంగతి?

ఆటోనగర్_వైరింగ్
వద్దు. మీ కాయిల్ అంత కరెంటు ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి ఇప్పటి కంటే ఎర్రగా వెలుగుతుంది. డీసీ బండికి వేస్తే ఇంకో రకం కష్టం, హోల్డరు మాడి వైరు తొక్క ఊడుతుంది. నా దగ్గరకు అలాంటివి నెలకు రెండు మూడు వస్తాయి. ఎల్ఈడీ కూడా నీ బండికి ఏసీ మీద వెలిగితే వణుకుతుంది. కావాలంటే కాయిల్ ఎర్తు విప్పి ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెగ్యులేటరు వేసుకోవాలి. అది తెలిసిన మెకానిక్ చేతే చేయించు.

ఖమ్మం_పల్సర్
ఇవన్నీ తర్వాత. ముందు అద్దంలోకి టార్చి వేసి చూడండి. పాత రిఫ్లెక్టర్ వెండిపూత మసకబారితే ఏ బల్బు పెట్టినా అంతే. ఇంకోటి, సీటు మీద మనిషి కూర్చుని ఉండగా గోడ ముందు అయిదు మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. డిమ్ అంచు హెడ్‌లైట్ మధ్య ఎత్తు కంటే కొద్దిగా కిందుండాలి. చాలామందికి అసలు రోగం ఇదే.

గీతలవైజర్_గోపి
ఒక్కరూ హెల్మెట్ అద్దం సంగతి ఎత్తలేదు! అది గీతలు పడితే ఎదుటి లైటు చుట్టూ చక్రాలు కనపడతాయి. రాత్రిపూట నల్ల వైజర్ పెట్టుకుని లైటు బాలేదనేవాళ్లను చూశాను.

మిర్చియార్డు_నైట్‌షిఫ్ట్
ఖమ్మం అన్న చెప్పింది చూశాను. రిఫ్లెక్టర్ కింది సగం నల్లగా ఉంది, గాజు లోపల తేమ కూడా ఉంది. పూర్తి హెడ్‌లైట్ అసెంబ్లీ, మంచి కంపెనీ 35/35 బల్బు కలిపి బడ్జెట్‌లోనే వచ్చాయి. గోడ ముందు పెట్టి కిందికి దించాను. డిమ్‌లో గుంతలు ముందే తెలుస్తున్నాయి. అప్పర్ ఇంకా అంతంతమాత్రమే. పోలీసుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లారీ_మేస్త్రి
కంపెనీ ఇచ్చిన వాటేజీ దాటకపోతే బల్బు విషయంలో నిన్ను ఆపడానికి పెద్దగా కారణం ఉండదు. ఎదుటివాడి కళ్లలో కొట్టే బల్బు పెట్టి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ (బండిలో మార్పులు చేయడం గురించినది) దాకా తెస్తారు. కరీంనగర్ తమ్ముడికి చెప్పండి.

కేటీఎం_కరీంనగర్
మీ లారీ మీద పైన వరసగా పెట్టిన ఆ అయిదు లైట్లకు ఏ సెక్షనో కూడా చెప్పండి.

యాక్టివా_అనిత
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా యాక్టివా లైటు ఆగి ఉన్నప్పుడు మసకబారుతుంది, ఎక్సలరేటర్ ఇస్తే వెలుగుతుంది. ఇదీ ఆ ఏసీ వ్యవహారమేనా?

ఆటోనగర్_వైరింగ్
ఏ సంవత్సరం బండి, మేడం?